మకరోని మాడు కోసం బెళుగుప్ప దాకా

బందరు నుంచి బెళుగుప్పకు పనిగట్టుకుని ఎవరూ వెళ్ళరు. వెళ్ళొచ్చాక మా వీధిలో ప్రతివాళ్ళూ "అక్కడ చూడ్డానికి ఏముందే?" అని అడిగినవాళ్ళే. కరువు నేల, ఎర్రమట్టి, వాన కోసం ఆకాశంలోకి చూసే మనుషులు ఉన్నారు. మేం వెళ్ళింది మాత్రం పెళ్ళికొడుకును చూడ్డానికి. ఇది నా మాట. మా నాన్ననడిగితే మకరోని వండడానికి వెళ్ళామంటాడు. ఇద్దరం ఒకే రైలెక్కి ఒకే ఊళ్ళో దిగాం కనక రెండూ నిజమే అనుకోండి.

మా నాన్న దానియేలు, ఒకప్పుడు దొరల బంగళాలో వంటవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన చొక్కాకు వెన్నవాసనే. ఆ బంగళాలో ఆదివారం రాత్రి మకరోని చేసేవాడు. తినని వాళ్ళ కోసం చెబుతాను. మకరోని అంటే గోధుమపిండితో చేసిన గొట్టాలు. వాటిని ఉడకబెట్టి, పాలూ వెన్నా మైదా కలిపి కాచిన చిక్కటి సాసులో వేసి, చీజు తురిమి, పింగాణీ పళ్ళెంలో సర్ది, పైన ఎర్రగా వేగేదాకా పొయ్యిలో పెడతారు. మధ్యభాగం దొరగారి బల్ల మీదికి వెళ్ళేది. పళ్ళెం అంచులకు అంటుకుని మాడిన చెక్కను నాన్న చాకుతో గీకి, బాదం ఆకులో చుట్టి మాకు తెచ్చేవాడు. అది పటపటలాడుతూ, ఉప్పుప్పగా, కాస్త చేదుగా ఉండేది. నేనూ తమ్ముడూ దానికోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. మకరోనికి మధ్యభాగం అనేదొకటుందని చాలాకాలం నాకు తెలియనే తెలియదు.

ఇక పెళ్ళికొడుకు సంగతి. టీచర్ల ట్రైనింగులో నాతో చదివిన సామేలుది బెళుగుప్ప. ఇప్పుడక్కడే పంతులుగా ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నవ్వు వచ్చే ముందు చెవులు కదులుతాయి. ఆ చెవులంటే నాకు ఇష్టమని ఇప్పుడు రాయడానికి సిగ్గు లేదు గానీ అప్పుడు చెప్పడానికి ఉండేది. వాళ్ళ పాస్టరుగారు రెండుసార్లు మా నాన్నకు కబురు పెట్టించారు. నాన్న రెండుసార్లూ ఒకే మాటన్నాడు. "సంగటి తినే దేశానికి నా పిల్లనివ్వను."

నేను అన్నం మానేసి చూశాను. నాన్న నాకిష్టమైన చేపల పులుసు వండి ఆ సత్యాగ్రహాన్ని ఒక్క పూటలో ముగించేశాడు.

ఆ ఏడు సీమలో వానలు పడలేదు. కరువుపనికి వెళ్ళేవాళ్ళకు కూలితోపాటు అమెరికా నుంచి వచ్చిన మకరోని కూడా పంచుతున్నారనీ, దాన్ని ఏం చేసుకోవాలో ఊళ్ళో ఎవరికీ తెలియడం లేదనీ ఏదో పనిమీద బందరు వచ్చిన పాస్టరుగారు మాటల్లో చెప్పారు. పడక్కుర్చీలో ఉన్న నాన్న లేచి నిలబడ్డాడు.

"మకరోని ఉండీ వండడం రాదా వాళ్ళకి?"

దొరలు తమ దేశానికి తిరిగి వెళ్ళిపోతున్నప్పుడు దొరసానిగారు నాన్న చేతిలో ఒక డబ్బా చీజు పెట్టి వెళ్ళారు. బందరులో మకరోని దొరక్క ఆ డబ్బా ఏళ్ళ తరబడి మా ట్రంకుపెట్టెలో, నాఫ్తలీను ఉండల మధ్య పడుంది. ఆ సాయంత్రం నాన్న దాన్ని బయటకు తీసి తుడిచాడు.

"పద వెళ్దాం. నేను అక్కడ మకరోని వండి పెడతాను. మనిషి తిండి తినే తీరులో వాడి ఇల్లూ వాకిలీ అన్నీ తెలుస్తాయి. వాళ్ళు తిన్నది చూసి, ఇచ్చేదీ లేందీ చెబుతాను."

అలా నా పెళ్ళి ఒక చీజు డబ్బాలోకి వెళ్ళి కూర్చుంది.

గుంతకల్లు

రైలు దిగేసరికి ఎండ అప్పుడే నెత్తికెక్కింది. స్టేషను బయట హోటల్లో ఉగ్గాని తిన్నాం. ఉగ్గాని అంటే బొరుగుల్ని తడిపి పిండి, ఉల్లిపాయ పోపులో కలిపి, పైన పుట్నాలపొడి చల్లుతారు. పక్కన పచ్చిమిరపకాయ బజ్జీ. నాన్న ఒక ముద్ద తిని, "మరమరాలు తడిస్తే పారేస్తాం మనం. వీళ్ళు పోపు పెట్టారు. ఇదొక వంటా?" అన్నాడు. అంటూనే పళ్ళెం ఖాళీ చేశాడు.

హోటలాయన చూస్తూనే ఉన్నాడు. "ఏమన్నా, ఇంగో ప్లేటు పెట్టల్లా?"

"పెట్టండి, మా అమ్మాయికి," అన్నాడు నాన్న. ఆ ప్లేటూ ఆయనే తిన్నాడు.

గ్లాసులో నీళ్ళు సగమే పోశారు. బందరులో గ్లాసు నిండా పోసి, తాగింది తాగి, మిగిలింది వీధిలోకి విసిరేస్తాం. నాన్న అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తాడు. హోటలాయన పరుగున వచ్చి గ్లాసు పట్టుకున్నాడు. "పారబోయద్దన్నా, ఈడ చెట్టుండాది," అని దాన్ని వాకిట్లో ఉన్న కరివేపాకు మొక్కకు పోశాడు. తర్వాత ప్రయాణం పొడుగునా నేను గ్లాసులో చుక్క మిగల్చలేదు.

కళ్యాణదుర్గం

అనంతపురం మీదుగా కళ్యాణదుర్గం బస్సు. కిటికీ బయట చెనిక్కాయ, అంటే మన వేరుశనగ చేలు, వాటిలో చెనిక్కాయ తప్ప అన్నీ ఉన్నాయి. రాళ్ళు, గొర్రెలు, గాలికి లేచే దుమ్ము. మా డెల్టాలో కంటికి అడ్డం పడే కొబ్బరిచెట్లు లేకపోయేసరికి చూపు ఎక్కడిదాకా పోతోందో నాకే తెలియలేదు. నాకది బాగుంది. నాన్నకు చెప్పలేదు.

మా పక్కన ఒక పెద్దావిడ కోడిపెట్టను ఒళ్ళో పెట్టుకుని కూచుంది. సీమ మనుషులు పరిచయానికి సమయం వృథా చెయ్యరని అప్పుడు తెలిసింది.

"యాడికి పోతాండారు?"

"బెళుగుప్ప," అన్నాను.

"ఈ పాపకు పెండ్లయిందా? కాలేదా? ఏంటికి కాలేదు?" ఇది నాన్నతో. నాన్న కిటికీ వైపు తిరిగాడు. ఆవిడ చూపు ఆయన ఒళ్ళో ఉన్న డబ్బా మీద పడింది. "ఆ డబ్బాలో ఏముండాదన్నా? నెయ్యా?"

చీజు గురించి ఎవరైనా అడిగితే నాన్న ఎంత అలకలో ఉన్నా మాట్లాడతాడు. పాలు విరగ్గొట్టి, నీరు తీసి, ఉప్పు వేసి, బరువు పెట్టి నొక్కి, నెలల తరబడి చీకటి గదిలో దాచడం దాకా మొత్తం చెప్పాడు. ఆవిడ చివరిదాకా శ్రద్ధగా వింది.

"విరిగిన పాలు మేమైతే ఆ పూటే పిల్లోల్లకు పెట్టేస్తాం గదన్నా. దాన్ని ఇన్నాళ్ళు దాసిపెట్టి, ఇంత దూరం మోసుకొస్తివా?"

బస్సులో నలుగురు నవ్వారు. కోడిపెట్ట కూడా ఏదో అంది.

బస్టాండులో దిగాక నేను గమనించాను. డబ్బా మూత పొద్దున బల్లపరుపుగా ఉండేది, ఇప్పుడు పూరీలా ఉబ్బింది. నాన్నకు చూపించాను.

"ఎండకి లోపల చీజు మెత్తబడి నిండుగా అయింది," అన్నాడు నాన్న. వంట విషయంలో ఆయనతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నేనూ అదే నమ్మడానికి ప్రయత్నించాను.

బెళుగుప్ప

సామేలు బస్సు దగ్గరికి ఉతికిన చొక్కాతో వచ్చాడు. నన్ను చూసి చెవులు కదిలాయి, నాన్నను చూసి ఆగిపోయాయి. ఇల్లు బండలు పరిచిన చిన్న మిద్దె. వాళ్ళమ్మ మార్తమ్మ అప్పుడే కరువుపని నుంచి వచ్చింది. చెరువులో పూడిక తీసే పని. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. మట్టి కాళ్ళతో దగ్గరికి రాలేక దూరం నుంచే నన్ను తనివితీరా చూసి, "రా పాపా, రాండన్నా, కూకోండి," అంది. సామేలు నాయన చాలా ఏళ్ళ కిందటే పోయాడు. అప్పటినుంచి ఇల్లు నడిపింది ఆవిడే.

ఆ పూట కొర్రన్నం, వేయించిన చెనిక్కాయలతో నూరిన ఊరుబిండి పచ్చడి. మార్తమ్మ ప్రార్థన చేసింది. మా ఇంట్లో ప్రార్థన అన్నానికి కృతజ్ఞత చెప్పి ఆగిపోతుంది. ఆవిడ ప్రార్థన వానను అడిగింది, ఆలస్యానికి దేవుణ్ణి కాస్త కోప్పడింది కూడా.

తింటుంటే ఒకటి చూశాను. మాకు పైపై అన్నం మెత్తగా తీసి పెట్టింది. చివర్లో కుండ అడుగున ఉన్న మాడు గీకి సామేలుకు ఒక ముక్క ఇచ్చి, తానొకటి తీసుకుంది. మాడు వాసనకు నా చిన్నతనమంతా ముక్కులోకి వచ్చింది.

"నాకు లేదా?" అన్నాను, నోరు ఆగక.

మార్తమ్మ నాలుక కరుచుకుంది. "మాడు సుట్టాలకు పెట్టగూడదు పాపా. ఇంటోల్లే తినల్ల. సుట్టానికి మాడు పెడితే పొయ్యి సిన్నబోతాది."

నేను తల వంచుకుని నా మెత్తటి అన్నం తిన్నాను. చుట్టాన్ని అనే మాట మాత్రం నాకు నచ్చలేదు.

నాన్న మాత్రం మూలనున్న సంచీ దగ్గరికి చేరి అప్పటికే మకరోని గొట్టాలు ఏరి వెలుగులో పట్టి చూస్తున్నాడు. మార్తమ్మ తన వంతుగా వచ్చిన మకరోనిని వండుకోకుండా మా రాక కోసం అట్టే పెట్టిందని సామేలు చెప్పాడు. నాన్నకు సంతోషమైంది.

"రేపు దీని సంగతి నేను చూసుకుంటాను. పాలెక్కడ దొరుకుతాయి?"

"పాలు యాడివన్నా? గడ్డి లేక ఆవుల్ని అమ్మేసినారు అందరూ. పాలపిండి ఉండాది."

"పాలపిండా!" నాన్న గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కణేకల్ వైపు కాలవ కింద గేదెలున్నాయని సామేలు అన్నాడు. పొద్దున్నే వెళ్దామని నాన్న తీర్మానించాడు.

"మీరు పొయ్యికాడ కూకోవడమేందన్నా? సుట్టంతో వండిచ్చుకుంటే ఊర్లో నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అంది మార్తమ్మ.

మర్యాదకు అంటోందని నాన్న అనుకున్నాడు. మా వైపు మర్యాద మాట రెండుసార్లు అని ఊరుకుంటారు. సీమలో అన్న మాట చేసి తీరతారని మాకు మర్నాడు తెలిసింది.

కణేకల్

పొద్దున్నే బస్సులో బయల్దేరాం. దారి పొడుగునా అదే ఎండిన నేల. ఉన్నట్టుండి కాలవ, దాని పక్కన పచ్చటి వరి. నాన్న బస్సులోనే లేచి నిలబడ్డాడు. దిగాక గట్టు మీద కూచుని, నీళ్ళలో కాళ్ళు పెట్టి, "ప్రాణం లేచొచ్చిందే అమ్మాయ్," అన్నాడు. నాకూ బావుంది. కానీ ఇక్కడి నీళ్ళు చూస్తుంటే ఆ హోటలాయన కరివేపాకు మొక్క గుర్తొచ్చింది.

నాన్న గేదెల ఇంట్లో పాలు వేలితో రుచి చూస్తూ, వెన్న వాసన చూస్తూ బేరమాడుతుంటే సామేలూ నేనూ వాకిట్లో నిలబడ్డాం. ట్రైనింగులో గంటలకొద్దీ మాట్లాడుకున్నవాళ్ళం, అప్పుడు మాత్రం గేదెల్ని లెక్కపెడుతూ నిలబడ్డాం.

"మీ నాయనకు మా ఊరు నచ్చలేదు గదా?" అన్నాడు చివరికి.

"ఇంకా మకరోని కాలేదు. అది మీరు తిన్నాక తేలుతుంది."

"అదొకటుండాది. ఆ చీజు నాకు సయించకుంటే ఏం జేయల్ల? మొగంలో దాసిపెట్టేకి నాకు రాదు."

"చెవులు కదలకుండా చూసుకోండి, చాలు."

అతను చెవులు రెండూ చేతులతో మూసుకున్నాడు. నేను నవ్వాను. అప్పుడే నాన్న పాలచెంబూ వెన్న పొట్లమూ పట్టుకుని బయటకు వచ్చి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తిరుగు ప్రయాణమంతా సామేలు చెంబు మూతికి తామరాకు కప్పి, ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గతుకుకీ తను ఎగిరి చెంబును ఎగరనివ్వకుండా తెచ్చాడు. నాన్న అది చూస్తున్నాడని నేను చూశాను.

మళ్ళీ బెళుగుప్ప

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఘుమఘుమలాడుతోంది. పొయ్యి మీంచి అప్పుడే దించిన కుండ. కుండను రెండు కాళ్ళ మధ్య బిగించి మార్తమ్మ సంగటికట్టెతో కెలుకుతోంది. ఆ రోజు పనికి కూడా పోలేదు.

నాన్న చూపు మూలకు వెళ్ళింది. సంచీ మడత పెట్టి ఉంది.

"మకరోని ఏదమ్మా?"

"ఇదో, దీంట్లోనే ఉండాది," అంది మార్తమ్మ చెమట తుడుచుకుంటూ, సంబరంగా. "బియ్యం తినే వాళ్ళు గదా మీరు, వట్టి రాగిపిండి పెడితే బాగుండదని. సంగట్లో ఏసేకి నూకలు లేవు, అందుకని గొట్టాలు రోట్లో ఏసి దంచినాను. గొట్టాలు గొట్టాలుగా ఉంటే ముద్ద నిలబడదు గదన్నా. నూక మాదిరి ఉడికినాయి సూడండి!"

మకరోనిని రోట్లో వేసి దంచారన్న మాట నాన్న చెవుల్లోంచి లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన మెల్లగా మంచం మీద కూచున్నాడు. "కాస్తయినా మిగల్లేదా?"

"అన్నీ దంచినా. సుట్టాలొస్తే మిగిల్చి వండుతారా?"

తప్పెవరిదని అనను? చెరువు మట్టి మోసి సంపాదించిన దాన్ని తను ముట్టకుండా దాచి, ఒక్క గొట్టం మిగల్చకుండా మాకు వండి పెట్టింది. నాన్నకు కూడా అది తెలుసు. అందుకే ఏమీ అనలేక మరీ బాధపడ్డాడు.

"పోనీ, చీజన్నా రుచి చూపిస్తాను," అని డబ్బా తీశాడు. చాకు మొన దిగగానే డబ్బా బుస్సుమంది. తర్వాత వచ్చిన వాసన గురించి ఎక్కువ రాయను. వాకిట్లో కోళ్ళు గోడ దాటాయి. పక్కింట్లోంచి ఎవరో కేకేశారు. "ఏమప్పా, ఎలుకేమన్నా సచ్చిందేమో సూడండి!"

"చీజుకు కొద్దిగా వాసన ఉంటుంది," అన్నాడు నాన్న. కానీ ఆయన గొంతులోనే నమ్మకం లేదు. చాకు పక్కన పెట్టేశాడు. "దొరసానిగారు నా చేతిలో పెట్టి, దానియేలూ, ఏదైనా మంచిరోజున తినండి అన్నారే. ఆ మంచిరోజు కోసమే దాచాను." ఆయన కళ్ళు చెమర్చాయి. నవ్వొచ్చేదల్లా నాకు ఆగిపోయింది.

సామేలు పెరట్లో గొయ్యి తవ్వి, డబ్బాను రెండు చేతులా పట్టుకెళ్ళి పూడ్చి వచ్చాడు. ముఖంలో ఏ భావమూ లేదు. చెవులు కూడా కదల్లేదు.

మార్తమ్మ ముద్దలు చేసి పళ్ళాల్లో పెట్టింది. నాన్న పళ్ళెం పక్కకు జరిపాడు. "ఆకలి లేదమ్మా. పొద్దున బస్సుకే వెళ్ళిపోతాం."

పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే జవాబని అందరికీ అర్థమైంది. సామేలు పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. నాకు భయం వేసింది. రేపు బస్సెక్కితే మళ్ళీ ఈ వైపు రావడం ఉండదు. నాన్న కోపాలు ఒక పూటలో పోతాయి గానీ ఆయన బాధలు పోవు.

మార్తమ్మ అలవాటు కొద్దీ కుండ అడుగు గీకుతోంది. రాగిపిండితో కలిసి అడుగంటిన మకరోని, అంచులు ఎర్రగా, పటపటమంటూ పెచ్చులుగా లేస్తోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. పింగాణీ పళ్ళెం మీద చాకు చప్పుడు కూడా ఇలాగే ఉండేది.

నేను నా పళ్ళెం తీసుకుని లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి కూచుని, ముందుకు చాపాను.

"నాకు మాడు పెట్టండి."

మార్తమ్మ గరిటె ఆగిపోయింది. "వద్దు పాపా. నిన్ననే చెప్పినా గదా, అది ఇంటోల్లకు."

"చెప్పారు. అందుకే అడుగుతున్నాను."

సామేలు తల ఎత్తాడు. మార్తమ్మ నా వైపు కాక నాన్న వైపు చూసింది. నేనూ చూడాలనుకున్నాను గానీ మెడ తిరగలేదు. చాపిన పళ్ళెం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఇంటోల్లకేనా అది?" అన్నాడు నాన్న వెనక నుంచి. ఆయన నోట సీమ మాట వినడం అదే మొదలు.

"అవునన్నా. మా నాయన కాలం నుంచి అంతే."

"మేము వేరేగా తిన్నామమ్మా," అన్నాడు నాన్న. "దొరల ఇంటివాళ్ళం కాదు కాబట్టి మాకు మాడు వచ్చేది." లేచి వచ్చి నా పక్కన గొంతుక్కూచున్నాడు. కణేకల్ వెన్న పొట్లం విప్పి మార్తమ్మ ముందు పెట్టాడు. "వేడి మీద ఇది రాసి, రెండు ఉప్పురాళ్ళు వేసి పెట్టు. అమ్మాయికి అలా ఇష్టం. నాక్కూడా ఒక ముక్క."

నాన్న మాడుచెక్క తినడం నా జన్మలో చూడలేదు. అంతా ఆకులో చుట్టి మాకే తెచ్చేవాడు. ఇప్పుడు కళ్ళు మూసుకుని, పటపట నములుతూ, రుచి చూసేటప్పుడు పెట్టే ముఖం పెట్టాడు. చీజు లేదు. సాసు లేదు. వెన్న కరిగి, రాగి కమ్మదనంతో, అంచు కాస్త చేదుగా ఉంది. చిన్నప్పటి రుచేనా అంటే కాదు. నాకు అంతకన్నా బాగుంది.

సామేలు చెవులు ఆగకుండా కదులుతున్నాయి. వాటిని ఎవరూ మూయలేదు.

బందరు

వచ్చి వారం దాటింది. పెళ్ళి బెళుగుప్పలోనే, వానలు పడ్డాక. పడతాయని మార్తమ్మ దేవుడికి గట్టిగానే చెప్పిందట. నాన్న రోజూ అరుగు మీద కూచుని వచ్చినవాళ్ళందరికీ మకరోనిని రోట్లో ఎలా దంచాలో, ముద్ద నిలబడాలంటే గొట్టాలు ఎందుకు పనికిరావో బంగళా దర్జాతో చెబుతున్నాడు. చీజు ఊసు ఎత్తితే మాత్రం నీళ్ళు తాగడానికి లోపలికి వస్తాడు. గ్లాసులో మిగిలినవి మా వాకిట్లో కరివేపాకుకు పోస్తున్నాడు.

నిన్న ఆటపట్టించాను. "సంగటి తినే దేశానికి పిల్లనివ్వనని రెండుసార్లు కబురు పంపావుగా నాన్నా. మరి ఇప్పుడెలా ఇచ్చావు?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేనెక్కడిచ్చానే? పళ్ళెం చాపింది నువ్వు."